అమ్మ ఎక్కితే ఆరిపోయే దీపాలు

మా ఇంట్లో కారుకు సంబంధించిన విషయాలన్నీ మావారి శాఖ. పెట్రోలు, టైర్లలో గాలి, ఇన్సూరెన్సు అన్నీ ఆయనే చూసుకుంటారు. సీట్ల కింద దొరికే చిల్లర ఏరుకోవడం నా శాఖ. ఈ ఏర్పాటు మీద మా ఇద్దరికీ ఏనాడూ తగాదా రాలేదు. నేను చదివింది బి.ఎ. చరిత్ర, రాజనీతి, తెలుగు. కరెంటు గురించి నాకు తెలిసిందల్లా, అది పోయినప్పుడు కొవ్వొత్తి ఏ అలమరలో ఉందో అన్నంతవరకే. అలాంటిదాన్ని ఒకరోజు మధ్యాహ్నం మూడు గంటలసేపు ఆటోనగర్లో ఒక షెడ్డు ముందు స్టూలు వేసుకుని కూర్చుని, కారులో కరెంటు ఎటునుంచి ఎటు పోతుందో నేర్చుకుని వచ్చానంటే దానికి కారణం మా అమ్మ.

అమ్మ తెనాల్లో ఉంటుంది. నాన్న పోయి మూడేళ్ళయింది. "మా దగ్గరకొచ్చి ఉండమ్మా" అంటే ససేమిరా అంటుంది. పెరట్లో కరివేపాకు చెట్టుకు నీళ్ళెవరు పోస్తారట! ఆ చెట్టుకు ఇరవై ఏళ్ళున్నాయి. దాని వేళ్ళు ఈపాటికి పక్కవాళ్ళ నూతిదాకా పోయుంటాయి. అమ్మ పోసే చెంబెడు నీళ్ళతో దానికేం పని? కానీ ఆ మాట పైకి అనలేం కదా. అందుకని పదిహేను రోజులకోసారి శనివారం సాయంత్రం మేమే బెజవాడ నుంచి వెళ్ళి ఆవిణ్ణి కారులో తెచ్చుకుంటాం. ఆదివారమంతా ఉండి, సోమవారం పొద్దున్నే రైలెక్కి వెళ్ళిపోతుంది.

అమ్మ వస్తోందంటే ఒక్కతే రాదు. ఆవకాయ జాడీ, గోంగూర పచ్చడి సీసా, సున్నుండల డబ్బా, మినప్పిండి, పెరటి నిమ్మకాయలు, అన్నీ కలిసి వస్తాయి. కారు చిన్నది. అప్పటికే ఒకరి చేతిలో ఎనిమిదేళ్ళు తిరిగి మా చేతికొచ్చింది. ఏ కంపెనీదో చెప్పను. పాపం, వాళ్ళ తప్పేమీ లేదు.

మొదటిసారి 2025లో, దసరా వెళ్ళిన శనివారం జరిగింది. అమ్మని ఎక్కించుకుని బయల్దేరేసరికి పొద్దుగూకింది. దుగ్గిరాల దాటామో లేదో, డాష్‌బోర్డులో దీపాలు టక్కున ఆరిపోయాయి. ముందు హెడ్‌లైట్లు నిక్షేపంలా వెలుగుతున్నాయి. పాట వస్తోంది, ఫ్యాను తిరుగుతోంది. "ఏదో బల్బు పోయుంటుందిలే" అన్నారు మావారు. రెండు నిమిషాలు గడవకుండా ఒక మోటారు సైకిలాయన పక్కకొచ్చి, "వెనక లైట్లు లేవండీ! లారీలొస్తున్నాయి!" అని అరిచి వెళ్ళిపోయాడు. ఎవరో గాని ఆయన కడుపు చల్లగా ఉండాలి. మేం ముందున్న వెలుతురు చూసుకుని ధీమాగా పోతున్నాం. వెనక వచ్చేవాడి కళ్ళకు మేం రోడ్డు మీద లేనట్టే లెక్క!

కారు పక్కకు ఆపి చూస్తే ఫ్యూజు పోయింది. మావారు కొత్తది పెట్టారు. లైటు స్విచ్చి తిప్పగానే అదీ పోయింది. ఇంక చేసేదేముంది? నాలుగు మూలలా మిణుకుమిణుకుమనే హజార్డు లైట్లు వేరే ఫ్యూజు మీద నడుస్తాయి గనక అవి వేసుకుని, ఎడ్లబండి నడకన ఇల్లు చేరాం. మర్నాడు కొత్త ఫ్యూజు పెడితే శుభ్రంగా పనిచేసింది. మెకానిక్ చూసి "బాగానే ఉందండీ" అన్నాడు. పదిహేను రోజులూ బాగానే ఉంది కూడా. మళ్ళీ అమ్మ వచ్చిన రాత్రి పోయింది.

మూడోసారి పోయినప్పుడు మావారు స్టీరింగు మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగి, "అత్తయ్యగారూ, మీరెక్కారంటే చాలు, మా ఫ్యూజుకి హడల్!" అన్నారు. హాస్యానికే అన్నారు. ఆయన మనసులో మరోటి ఉండదు. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నేను నవ్విన సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

తర్వాత అది ఇంట్లో వాడుకమాట అయిపోయింది. "ఈ శనివారం అమ్మమ్మ వస్తోంది, ఫ్యూజులు కొన్నారా నాన్నా?" అనేవాడు మా వాడు. అందరం నవ్వేవాళ్ళం.

డిసెంబరు నెలాఖరులో మళ్ళీ పోతే దారిలో ఒకతను చూసి, "ఇవి చిన్నవండీ, అందుకే ఆగట్లేదు. గట్టిది వేస్తా, ఇంక జన్మలో పోదు" అని ఎర్ర ఫ్యూజు తీసి పచ్చ ఫ్యూజు పెట్టాడు. మావారు పొంగిపోయారు. సంక్రాంతికి ముందు శనివారం అమ్మని తీసుకొస్తున్నాం. నిజంగానే ఫ్యూజు పోలేదు. "చూశారా!" అన్నారు మావారు. మంగళగిరి ఇంకా రాలేదు, వెనక సీట్లోంచి అమ్మ, "ఏదో కాలుతున్న వాసనొస్తోందే" అంది. బయట ఎవరో చెత్త తగలబెడుతున్నారన్నాను నేను. కాసేపాగి మళ్ళీ అంది. అద్దాలు దించాం. వాసన బయటనుంచి కాదు, లోపల్నుంచే! రబ్బరు కాలిన కమురు వాసన. కారాపి లైట్లు తీసేశాక గాని అది తగ్గలేదు. మావారు మాట్లాడకుండా ఆ పచ్చ ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నారు. మళ్ళీ హజార్డు లైట్లు, మళ్ళీ ఎడ్లబండి.

ఆ తర్వాత శనివారం మేం బయల్దేరబోతుంటే అమ్మ ఫోను చేసింది. "మీరు రావద్దే, నేను బస్సుకొచ్చేస్తాను. పోయిన ఆగస్టు నుంచీ ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో డబ్బు కట్టక్కర్లేదుగా. ఆధారు కార్డు చూపిస్తే చాలు" అంది. సరదా పడుతోందేమో అనుకున్నాను. వచ్చింది. జాడీ లేదు, డబ్బా లేదు. చేతిలో చిన్న సంచి. మళ్ళీ వారం కూడా బస్సే. 68 ఏళ్ళ మనిషి, దారంతా నిలబడి వచ్చిందట. నాకు కోపం వచ్చింది.

"కారుండగా నీకీ బాధేమిటమ్మా? మంచి మెకానిక్‌కి చూపిస్తాంలే" అన్నాను.

"కారుకేమీ లేదంటున్నారుగా వాళ్ళంతా. నా మూలాన ప్రతిసారీ అల్లుడుగారు రాత్రిపూట రోడ్డు మీద అవస్థ పడుతున్నారు. మీకేదన్నా అయితే? ఎందుకొచ్చిన గొడవ. శుభకార్యాల్లో నేనే పక్కకు తప్పుకుంటున్నానుగా, ఇదీ అంతే అనుకో" అంది, బియ్యంలో రాళ్ళేరుకుంటూ. మామూలుగానే అంది.

నా నోట మాట రాలేదు. నేను రాసిన నవలల్లో ఎంతమంది ఆడవాళ్ళ చేత ఎన్ని పేజీలు మాట్లాడించానో! భర్త పోయిన ఆడదాన్ని అపశకునమనడం ఎంత అన్యాయమో రెండు నవలల్లో ఆవేశంగా రాశాను, ఉత్తరాలు కూడా వచ్చాయి. నా ఇంట్లో, నా కారులో, వెనక సీట్లో కూర్చున్న మా అమ్మ ఆ మాటని నా నవ్వులోంచే ఏరుకుని దాచుకుంది.

"కారు తాళాలివ్వండి" అన్నాను మర్నాడు మావారితో.

ఆటోనగర్లో ఎవరో చెబితే వెతుక్కుంటూ వెళ్ళాను. కారు కరెంటు పని మాత్రమే చేసే పెద్దాయన. డెబ్బైకి దగ్గర్లో ఉంటారు. "ఏంటమ్మా?" అన్నారు. "ఫ్యూజు పోతోంది బాబాయ్" అని, పర్సులోంచి ఎర్ర ఫ్యూజూ, పచ్చ ఫ్యూజూ తీసి చూపించాను. పచ్చదాన్ని చూడగానే ఆయన మొహం మాడింది.

"ఎవరమ్మా ఇది పెట్టిందీ? ఎర్రది 10 ఆంపియర్లు. పచ్చది 30. ఫ్యూజనేది బల్బుని కాపాడ్డానికి కాదు, వైరుని కాపాడ్డానికి. సన్న వైరుకు 10, లావు వైరుకు 30. సన్న వైరు మీద ఇది పెడితే ఫ్యూజు పోదు, వైరు కాలుద్ది. ఫ్యూజు పోతే పది రూపాయలు. వైరు కాలితే కారు!"

కమురు వాసన గుర్తొచ్చి నాకు వెన్నులో చలి పుట్టింది. ఆ వాసన పట్టింది అమ్మే కదా!

ఆయన స్టూలు వేసి కూర్చోమని, చిన్నపిల్లకు చెప్పినట్టు లెక్క చెప్పారు. ఆ ఫ్యూజు మీద ముందు వెనక చిన్న దీపాలు నాలుగు, నంబరు ప్లేటు దీపం ఒకటి. ఒక్కోటి 5 వాట్లు. డాష్‌బోర్డు దీపాలు కూడా కలిపితే 30 వాట్లు దాటవు. బ్యాటరీ 12 వోల్టులు. 30ని 12 పెట్టి భాగిస్తే రెండున్నర ఆంపియర్లు. "రెండున్నర పోయే దారిలో 10 ఆపే కాపలావాడు చచ్చిపోతున్నాడంటే, కరెంటు బల్బుదాకా పోకుండానే ఎక్కడో బాడీని తాకుతోంది. కారుకు ఇనప బాడీయే ఎర్తు. తోలు ఊడిన వైరు దానికి తగిలిందా, అయిపోయె!"

మరి ఎక్కడ తాకుతోందో ఎలా తెలుస్తుంది? తాకిన ప్రతిసారీ ఫ్యూజు పోతే వెతకడానికి ఎన్ని ఫ్యూజులు కావాలి? ఆయన చేసిన పని చూసి నేను ముచ్చటపడ్డాను. ఫ్యూజు ఉండే చోట ఫ్యూజుకు బదులు రెండు వైర్లతో ఒక 21 వాట్ల బల్బు తగిలించారు, ఇండికేటర్లలో ఉంటుందే, అది. ముందువీ వెనకవీ చిన్న బల్బులన్నీ ఊడదీశారు. లైటు స్విచ్చి వేశారు. బల్బు వెలగలేదు. డాష్‌బోర్డులో మిగిలిన చిన్న దీపాలకు పోయే కరెంటు దీన్ని వెలిగించడానికి చాలదట. "ఇప్పుడు ఎక్కడన్నా షార్టయిందనుకోండి, ఇది భగ్గున వెలుగుద్ది. ఫ్యూజులా చచ్చిపోదు. కరెంటు రెండు ఆంపియర్లకు మించి పోనివ్వదు గనక వైరూ కాలదు. మీరు బల్బు చూస్తా ఉండండి, నేను వైర్లు కదిలిస్తా."

నేను రెప్ప వెయ్యకుండా కూర్చున్నాను. ఆయన బానెట్ ఎత్తి వైర్ల కట్టలు ఊపారు. డాష్‌బోర్డు కింద దూరి లాగారు. కాళ్ళ కింది పట్టాలు ఎత్తారు. వెనక సీటు పీకారు. గంట గడిచింది, టీ వచ్చింది. బల్బు మాత్రం చీకటిగానే ఉంది. నాకు లోలోపల దడ మొదలైంది. ఈయన కూడా "బాగానే ఉందమ్మా" అంటే?

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఎప్పుడెప్పుడు పోతోందమ్మా?" అన్నారు.

నవలలు రాసేవాళ్ళకు అన్నీ డైరీలో రాసుకునే రోగం ఒకటుంటుంది. తీసి చూశాను. మొత్తం ఏడుసార్లు. చెప్పడానికి సిగ్గేసింది గాని చెప్పాను. "మా అమ్మ ఎక్కినప్పుడు పోతోంది బాబాయ్."

ఆయన నవ్వలేదు. నాలుగు నెలల్లో ఈ మాటకు నవ్వని మొదటి మనిషి ఆయనే.

"ఏడుసార్లూ అమ్మగారున్నారా?"

మళ్ళీ చూశాను. ఏడుసార్లు కాదు, ఆరుసార్లే. నవంబరులో ఒక రాత్రి మా ఆడపడుచుని స్టేషనుకు దింపడానికి వెళ్ళినప్పుడు కూడా పోయింది. ఆ రోజు మావారు "ఛ, వెధవ ఫ్యూజు" అన్నారు. అంతే. "మా చెల్లెలు ఎక్కితే ఫ్యూజు పోతుంది" అనలేదు. నేనూ అనలేదు. రాసుకుని మర్చిపోయాం.

"అమ్మగారున్నా పోని రోజుందా?"

ఉంది! అదీ నవంబరులోనే. ఆ శనివారం అమ్మకు కాస్త నలతగా ఉండి ఏమీ వండుకురాలేదు, చేతిసంచితో వచ్చింది. ఆ రాత్రి దీపాలన్నీ వెలుగుతూనే ఇల్లు చేరాం. అదీ మేం లెక్కలో వేసుకోలేదు.

"ఆడపడుచు గారికి సామానుందా?"

"రెండు సూట్‌కేసులు."

"ఎక్కడ పెట్టారూ?"

"డిక్కీలో..." అని ఆగిపోయాను. ఊళ్ళో తిరిగేటప్పుడు కూరల సంచీ అయినా, పుస్తకాలైనా వెనక సీట్లో పడెయ్యడమే మా అలవాటు. డిక్కీ తెరిచేది అమ్మ జాడీల కోసం. లేకపోతే చుట్టాల సూట్‌కేసుల కోసం.

ఆయన మాట్లాడకుండా కారు వెనక్కి వెళ్ళారు. నేను బల్బు చూస్తున్నాను. డిక్కీ తలుపు కిర్రుమంటూ పైకి లేచింది. సగం లేచేసరికి నా కళ్ళ ముందు బల్బు భగ్గున వెలిగింది!

"వెలిగింది! వెలిగింది బాబాయ్!" అని అరిచాను. పక్క షెడ్లలో వాళ్ళంతా తలలెత్తి చూశారు.

డిక్కీ తలుపుకూ కారు బాడీకీ మధ్య, కీలు పక్కన, చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. అందులోంచి వైర్లు తలుపులోకి పోతాయి. ఆ గొట్టం ఊడదీసి చూపించారు. నంబరు ప్లేటు దీపానికి పోయే వైరు, తలుపు తెరిచినప్పుడల్లా అదే చోట మడతపడి మడతపడి, తోలు పగిలిపోయింది. లోపల రాగి పోగులు నల్లగా మాడి ఉన్నాయి. పచ్చ ఫ్యూజు పుణ్యమా అని పక్క వైరు తోలు కూడా మెత్తబడింది. డిక్కీ మూసినప్పుడు ఆ పోగులు ఒక్కోసారి కీలు దగ్గరి ఇనుముకు ఆనుకుని ఉండిపోయేవి. పగలైతే ఫర్వాలేదు, లైట్లు వెయ్యం గనక ఆ వైరులో కరెంటే ఉండదు. లైట్లు వేసుకున్నాక ఏదో ఒక గతుకులో తగిలేది, ఫ్యూజు పోయేది. ఇంటికొచ్చి జాడీలు దించుకోవడానికి డిక్కీ తెరవగానే వైరు పక్కకు జరిగేది. అందుకే మర్నాడు ఏ మెకానిక్ చూసినా "బాగానే ఉందండీ"!

మాడిన ముక్కలు కోసేసి, కొత్త వైరు అతికి, సోల్డరింగు చేసి, పైన స్లీవు తొడిగారు. కొత్త వైరు పాతదానికన్నా కొంచెం పొడుగే వేశారు. "మడతపడే చోట బిగుతుగా ఉండకూడదమ్మా, కాస్త వదులుండాలి" అన్నారు. ఊడదీసిన బల్బులన్నీ మళ్ళీ బిగించి, ఎర్ర ఫ్యూజు పెట్టి, లైట్లు వేసి, నా చేతే ముప్ఫైసార్లు డిక్కీ తెరిపించి మూయించారు. నాలుగు వందలు తీసుకున్నారు. ఆ మాడిన వైరుముక్క అడిగి పర్సులో వేసుకున్నాను.

ఆ రాత్రి ఇంట్లో నిఘంటువు తీశాను. ఆర్ట్సు చదివినదాన్ని, నాకు చేతనయ్యేది అదేగా. ఇంగ్లీషులో ఫ్యూజులు రెండున్నాయట. బాంబుకుండే ఫ్యూజు, లాటిన్లో కదురు అనే మాటలోంచి వచ్చింది. కరెంటుకుండే ఫ్యూజు, కరగడం అనే మాటలోంచి వచ్చింది. ఒకటి అంటుకుని పక్కవాళ్ళను పేలుస్తుంది. ఇంకోటి తాను కరిగిపోయి మిగతావాళ్ళను కాపాడుతుంది. మావారికి చదివి వినిపించి, వైరుముక్క కంచం పక్కన పెట్టి, డైరీలో ఆడపడుచు పేరున్న పేజీ తెరిచాను. ఆయన చాలాసేపు చూశారు. "శనివారం పెందలాడే బయల్దేరదాం" అన్నారు.

తెనాల్లో కారు ఆగగానే ఆయనే ముందు దిగి, "అత్తయ్యగారూ, దొంగ దొరికాడండీ!" అంటూ లోపలికెళ్ళారు. ఆయన క్షమాపణలు అలాగే ఉంటాయి. నేను వైరుముక్క చూపించి, డిక్కీ కథంతా చెప్పాను. అమ్మ శ్రద్ధగా విని, "అయితే డిక్కీలో పెట్టేది నా సామానేగా. మళ్ళీ నా మూలానేగా!" అంది.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. మావారే అందుకున్నారు. "మీ సామాను సరేనండీ, ఆ ఆవకాయ తినేదెవరు? పాపం నాదే. జాడీ ఎక్కడుందో చెప్పండి" అని వంటింట్లోకి నడిచారు. "వాడి అమ్మమ్మకు చెప్పమన్నాడండీ, ఇంక ఫ్యూజుల జోకులు వెయ్యడట" అని మా వాడి మాట కూడా ఆయనే చేరవేశారు. నేను వీధిలో లైట్లు వేసి, డిక్కీ పదిసార్లు తెరిచి మూసి చూపించాను. ఎదురింటి వాళ్ళు మాకేదో అయిందనుకున్నారు.

ఆ రాత్రి అమ్మ జాడీతో సహా వచ్చింది. దీపాలు వెలుగుతూనే ప్రకాశం బ్యారేజీ దాటాం.

ఇది చదివే మీలో కారున్నవాళ్ళకు రెండు మాటలు. ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోతుంటే పెద్దది వేయించకండి. ఎప్పుడెప్పుడు పోతోందో, అంతకుముందు ఏం చేశారో ఒక కాగితం మీద రాసుకోండి. పోని రోజులు కూడా రాసుకోండి, వాటితోనే గుట్టు బయటపడేది. కారులేని వాళ్ళకు కూడా ఈ సలహా పనికొస్తుందేమో ఆలోచించండి.

ఇప్పుడు మా ఇంట్లో ఒక కొత్త ఆనవాయితీ మొదలైంది. ఎవరు ప్రయాణమైనా ఎదురు రాకూడదని గోడవారకు తప్పుకునే మా అమ్మ, కారు బయల్దేరే ముందు వెనక్కెళ్ళి, వీధి మధ్యలో నిలబడుతుంది. మావారు లైట్లు వేస్తారు. ఆవిడ కొంగు సర్దుకుని, వంగి, కుడీ ఎడమా నంబరు ప్లేటూ మూడూ చూసి, వీధంతా వినపడేట్టు "వెలుగుతున్నాయండీ, పోనివ్వండి!" అంటుంది. ఆ తర్వాతే వచ్చి ఎక్కుతుంది.

ఆవిడ ఆ మాట అనేదాకా మావారు బండి కదపరు.